సొంతంగా కట్టుకున్న చెక్క తెరచాప పడవను మరొకరికి అప్పగించడం ఎలా

అమెరికా వాయవ్య తీరంలో, ముఖ్యంగా సియాటిల్ చుట్టూ ఉన్న ప్యూజెట్ సౌండ్ ప్రాంతంలో, ఇంటి గ్యారేజీలోనే చెక్క పడవ కట్టుకునే ఆనవాయితీ చాలా కాలంగా ఉంది. నమూనా పటాలు కొనుక్కుని, మెరైన్ ప్లైవుడ్‌ను కోసి, పలకలను రాగితీగతో కుట్టి, అతుకుల మీద రెసిన్ (ఇప్పుడు ఎక్కువగా వాడేది ఎపాక్సీ అనే గట్టి జిగురు), గాజునార పట్టీలు వేసి పడవ తయారుచేసే పద్ధతి 1960లలో బ్రిటన్‌లో మిర్రర్ అనే చిన్న పడవతో బాగా ప్రచారంలోకి వచ్చింది. వడ్రంగం నేర్చుకోని వారికి కూడా అది అందుబాటులోకి రావడంతో, ఇక్కడ స్థిరపడిన మనవారిలో కొందరికి కూడా ఆ సరదా పట్టుకుంది. అయితే ఉద్యోగం మారడం, పిల్లలు కాలేజీలకు వెళ్లిపోవడం, నడుము సహకరించకపోవడం, భారతదేశానికి తిరిగి వెళ్లాలనుకోవడం వంటి కారణాలతో ఆ పడవను చూసుకోలేని రోజు చాలామందికి వస్తుంది. ఆ రోజు వచ్చినప్పుడు ఏం చేయాలో ఈ వ్యాసంలో వివరిస్తున్నాను. నిబంధనల విషయంలో వాషింగ్టన్ రాష్ట్రాన్నే దృష్టిలో పెట్టుకున్నాను కనుక, ఇతర రాష్ట్రాలలో ఉన్నవారు తమ రాష్ట్ర లైసెన్సింగ్ శాఖను అడిగి తెలుసుకోవాలి.

ముందుగా ఒక మాట స్పష్టం చేయాలి. చెక్క పడవను అమ్మడమంటే ఒక వస్తువును అమ్మడం మాత్రమే కాదు, ఏటా చేయవలసిన పనిని ఒకరి చేతుల్లోంచి మరొకరి చేతుల్లోకి మార్చడం కూడా. కాకినాడ దగ్గర తాళ్లరేవు వంటి చోట చెక్క పడవ చేతులు మారినా, దాన్ని బాగుచేయగల వడ్రంగులు ఆ చుట్టుపక్కలే ఉంటారు కనుక కొన్నవారికి దిగులు ఉండదు. సియాటిల్ పక్కనున్న రెడ్మండ్‌లోనో బెల్‌వ్యూలోనో ఒక గ్యారేజీలో పుట్టిన పడవకు ఆ వసతి లేదు. ఏ అతుకు కింద ఏముందో తెలిసిన మనిషి దాన్ని కట్టిన వ్యక్తి ఒక్కరే. అందువల్ల పడవతోపాటు ఆ తెలివిడిని కూడా అప్పగించాలి, దాన్ని తీసుకోవడానికి సిద్ధంగా ఉన్న మనిషిని వెతకాలి. ధర సంగతి ఆ తర్వాతే ఆలోచించాలి.

ఎప్పుడు నిర్ణయించుకోవాలి

ఫైబర్‌గ్లాస్ పడవను రెండు మూడేళ్లు మూలన పడేసినా, కడిగి తుడిస్తే చాలావరకు మళ్లీ వాడుకలోకి వస్తుంది. చెక్క పడవ అంత కాలం ఆగదు. ప్యూజెట్ సౌండ్ ప్రాంతంలో అక్టోబరు నుంచి వసంతం వరకు వాన పడుతూనే ఉంటుంది. చెక్కను కుళ్లబెట్టే శిలీంధ్రానికి కావలసింది మంచినీరు, గాలి, ఓ మోస్తరు వెచ్చదనం. సముద్రపు ఉప్పునీటిలో అది సరిగా పెరగలేదు. అందుకే చెక్క పడవలు సాధారణంగా అడుగుభాగం నుంచి కాకుండా, వాననీరు నిలిచే పైభాగం నుంచి కుళ్లడం మొదలవుతాయి. చెక్కలో తేమ 20 శాతం లోపు ఉన్నంతకాలం కుళ్లు పట్టదు. వార్నిష్ పొర చిట్లి, ఒక స్క్రూ పక్కనుంచి వాననీరు లోపలికి దిగి, ఆరే అవకాశం లేక అక్కడే ఉండిపోతే, రెండు శీతాకాలాల్లోనే చిన్న మరమ్మతు పెద్ద మరమ్మతుగా మారుతుంది.

కాబట్టి నిర్ణయాన్ని వాయిదా వేయడానికి కూడా ఖర్చు ఉంటుంది, ఆ ఖర్చును భరించేది పడవే. పోయిన వేసవిలో పడవను ఒక్కసారి కూడా నీళ్లలోకి దించకపోయి, ఈ వేసవిలో ఫలానా నెలలో దించుతామని కూడా చెప్పలేని స్థితిలో ఉంటే, కొత్త యజమాని కోసం వెతకడం మొదలుపెట్టడమే మంచిదని నా అభిప్రాయం. పడవ ఇంకా తేలగలిగిన స్థితిలో ఉండగా అప్పగించడానికీ, తేలలేని స్థితికి వచ్చాక వదిలించుకోవడానికీ మధ్య ఉన్న తేడా చాలా పెద్దది.

తిరుగు ప్రయాణానికి సిద్ధమవుతున్నవారికి ప్రత్యేకంగా ఒక విషయం చెప్పాలి. పడవను స్నేహితుడి పెరట్లో పెట్టి, ‘వీలున్నప్పుడు చూస్తూ ఉండన్నా’ అని చెప్పి విమానం ఎక్కడం ఎంతో సులువుగా కనిపిస్తుంది, కానీ ఆ పని చేయవద్దు. రిజిస్ట్రేషన్ మీ పేరునే ఉంటుంది, బాధ్యతా మీదే అవుతుంది, పనిభారం మాత్రం అడగడానికి మొహమాటపడే మనిషి మీద పడుతుంది. ఆ స్నేహితుడికి నిజంగా పడవ కావాలంటే కాగితాలతో సహా అతని పేరున మార్చి వెళ్లండి. మీరు అమెరికాలో లేకపోతే టైటిల్ (యాజమాన్య పత్రం) మీద సంతకం, దాని ధ్రువీకరణ పెద్ద పని అవుతాయి కనుక ఇవన్నీ ప్రయాణానికి కనీసం కొన్ని నెలల ముందే ముగించాలి.

పడవను నిజాయతీగా పరీక్షించడం

కట్టినవారి కళ్లకు పడవలోని లోపాలు అంత తొందరగా కనబడవు. అందుకని ఒక పద్ధతి ప్రకారం, కాగితం మీద రాసుకుంటూ పరీక్షించాలి. ఎండగా ఉన్న రోజు పడవను ఖాళీ చేసి, అడుగు పలకలు తీసి, ప్లాస్టిక్ తలకాయ ఉన్న చిన్న సుత్తితో అంగుళం అంగుళం తట్టుకుంటూ వెళ్లండి. గట్టి చెక్క ఖంగుమంటుంది, లోపల మెత్తబడిన చోట శబ్దం బొదబొదమంటుంది. అలా వినబడిన ప్రతి చోటా సుద్దతో గుర్తు పెట్టి, తర్వాత దబ్బనంతో సున్నితంగా గుచ్చి చూడాలి. దబ్బనం మొన ప్రతిఘటన లేకుండా లోపలికి దిగితే ఆ చెక్క పోయినట్టే. సూదిమొనలు ఉన్న తేమ మీటర్ ఉంటే ఇంకా మంచిది, కానీ అది లేదని పరీక్ష మానుకోవలసిన అవసరం లేదు.

ముఖ్యంగా చూడవలసిన చోట్లు కొన్ని ఉన్నాయి. సెంటర్‌బోర్డు (పడవ గాలికి పక్కకు కొట్టుకుపోకుండా అడుగు నుంచి నీళ్లలోకి దించే పలక) ఉండే పెట్టె పడవ అడుగుతో కలిసే అతుకు అన్నింటికంటే ముందు. లీకు మొదలయ్యేది చాలావరకు అక్కడే, బోర్డు తీయకుండా లోపలివైపు చూడటం కష్టం కూడా. తర్వాత తెరచాప కొయ్య మొదలు కూర్చునే గుంట; వాన కొయ్య వెంబడి జారి అక్కడే చేరుతుంది. పడవ వెనుక పలకలో చుక్కాని బిగించిన స్క్రూల చుట్టూ, పైకప్పు అంచుల వెంట, ప్లైవుడ్ కోత అంచు ఎపాక్సీ లేకుండా మిగిలిపోయిన ప్రతి చోటా నల్లటి మరకల కోసం వెతకాలి. పారదర్శకమైన వార్నిష్ కింద నల్లబడిన చెక్క అంటే అక్కడ నీరు చేరిందని అర్థం. డగ్లస్ ఫర్ అనే చెట్టు కలపతో చేసిన ప్లైవుడ్‌తో కట్టిన పడవల మీద సన్నటి పొడవాటి పగుళ్లు వస్తాయి. పైన గాజునార పొర లేకపోతే నీరు ఆ పగుళ్ల గుండా లోపలికి పోతుంది. ఎపాక్సీ సూర్యకాంతిని తట్టుకోలేదు, కాబట్టి రంగు గానీ వార్నిష్ గానీ లేచిపోయి ఎపాక్సీ పసుపుగా, సుద్దలా కనిపిస్తున్న చోటును కూడా లోపంగానే రాసుకోండి.

ప్రతి లోపానికీ ఫొటో తీయండి. ఆ పక్కన పెట్టిన స్కేలు కనిపించేలా తీస్తే కొనేవారికి దూరం నుంచే పరిమాణం అర్థమవుతుంది. ట్రైలర్‌ను కూడా ఇదే శ్రద్ధతో చూడాలి. దీపాలు వెలుగుతున్నాయా, చక్రాల బేరింగుల్లో గ్రీజు ఉందా, ఇనుప చట్రం తుప్పు పట్టిందా అన్నవి ఎలాగూ చూస్తాం. టైరు పక్కభాగం మీద ఉండే నాలుగు అంకెలను మాత్రం చాలామంది పట్టించుకోరు. మొదటి రెండు అంకెలు తయారైన వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని చెబుతాయి. గీతలు లోతుగానే ఉన్నా, ఎండకు ఎండిన పాత టైరు హైవే మీద పగిలితే పడవ కూడా పోతుంది.

బాగుచేయవలసినవి, అలాగే వదలవలసినవి

అమ్మకానికి ముందు పెద్ద మరమ్మతు మొదలుపెట్టవద్దని గట్టిగా చెబుతాను. వెనుక పలక మార్చాలని విప్పిన పడవ, అది పూర్తయ్యేలోగా మీ ఓపిక అయిపోతే, విప్పకముందు ఉన్న స్థితికంటే తక్కువ స్థితిలో అమ్మకానికి వస్తుంది. చేయవలసిన పని మూడు రకాలది. ఒకటి, పూర్తిగా ఆరబెట్టడం: అడుగున ఉన్న బిరడా తీసి, ముందు భాగం ఎత్తి పెట్టి, మూతలన్నీ తెరిచి, పైన టార్పాలిన్‌ను పడవకు అంటుకోకుండా గుడారంలా కట్టి గాలి ఆడనివ్వాలి. బిగించి చుట్టిన టార్పాలిన్ వాననుంచి కాపాడుతున్నట్టు కనిపించినా లోపల ఆవిరిని బంధిస్తుంది. రెండు, శుభ్రం చేయడం. మూడు, కొయ్య, పడవ అంచుల వంటి ఆరుబయట ఉండే భాగాలకు వార్నిష్ ఒక పూత వేయడం.

కుళ్లిన చోట మీద మాత్రం రంగు వేయకూడదు. తడిగా ఉన్న చెక్క మీద ఎపాక్సీ పోయడం కూడా అలాంటిదే, తేమ లోపలే చిక్కుకుని కుళ్లు సాగుతూనే ఉంటుంది, పైకి మాత్రం బాగున్నట్టు కనిపిస్తుంది. మీ పడవలో ఒక మనిషి తన పిల్లలను కూర్చోబెట్టుకుని నీళ్లలోకి వెళ్తాడు. మెత్తబడిన చోటును గీకి, తెరిచి, ఆరబెట్టి, అలాగే చూపించడమే సరైన పని. పని తెలిసిన కొనుగోలుదారు తెరిచిన గాయాన్ని చూసి భయపడడు. కప్పిపెట్టిన గాయాన్ని కనుక్కున్నప్పుడే వెనక్కి తగ్గుతాడు. గీకేటప్పుడు, ముఖ్యంగా అడుగున నాచు పట్టకుండా పూసే రాగి రంగును గీకేటప్పుడు, ముక్కుకు తగిన మాస్కు, కింద పట్టా, దుమ్ము పీల్చే యంత్రం తప్పనిసరి. ఆ దుమ్ము నేలలోకి, కాలువలోకి పోకూడదు. మీరు కట్టింది కాక ఎవరి నుంచో వచ్చిన చాలా పాత పడవ అయితే, పూతల్లో సీసమో, 1988లో అమెరికాలో చిన్న పడవలకు నిషేధించిన ట్రైబ్యూటైల్ టిన్ అనే విషపదార్థమో ఉండే అవకాశం ఉంది కనుక ఇంకా జాగ్రత్త అవసరం.

ధర

ఇది మనసుకు కష్టమైన భాగం. ప్లైవుడ్, ఎపాక్సీ, కంచు స్క్రూలు, తెరచాపలకు మీరు పెట్టిన డబ్బు తిరిగి రాదు. పనిచేసిన సాయంత్రాలకు, శని ఆదివారాలకు ఎవరూ వెల కట్టరు. ఆ కాలానికి ప్రతిఫలం పడవ కడుతున్నప్పుడు, దానిలో తిరిగినప్పుడు అప్పుడే దక్కిందని భావించాలి. లెక్క వేయడానికి పడవను విడి భాగాలుగా చూడటం మేలు. మంచి స్థితిలో ఉన్న ట్రైలర్‌కు, పడవ వెనుక తగిలించే, పనిచేస్తున్న చిన్న ఔట్‌బోర్డు మోటారుకు, గుడ్డ ఇంకా బిగువుగా ఉన్న తెరచాపలకు మార్కెట్లో ధర ఉంటుంది. ఈ మూడింటి ధర కూడితే వచ్చేది మీ కనీస విలువ. దాని మీద పడవ శరీరానికి ఎంత కలపాలన్నది పేరున్న నమూనానా కాదా, ఇప్పుడు తేలుతుందా, మరమ్మతు ఎంత ఉంది అన్న వాటి మీద ఆధారపడుతుంది. ఇయాన్ ఆట్రెడ్ గీసిన క్యాలెడోనియా యాల్, జాన్ హారిస్ గీసిన పాకెట్‌షిప్ వంటి పేరున్న నమూనాలను వెతుక్కుంటూ వచ్చేవారు ఉంటారు. సొంత ఊహతో కట్టిన పడవ ఎంత బాగున్నా అడిగేవారు తక్కువే. పెద్ద మరమ్మతు ఉన్న పడవ శరీరం విలువ సున్నా అయినా, అంతకంటే తక్కువైనా ఆశ్చర్యపోకండి.

అలాగని ‘ఉచితం’ అని ప్రకటించవద్దు. ఉచితమన్న మాటకు ఆలోచించకుండా వచ్చేవారు ఎక్కువ, వారిలో చాలామంది ట్రైలర్ ఉంచుకుని పడవను పారేస్తారు. చిన్న ధరైనా పెట్టి, సరైన మనిషి దొరికితే తగ్గించండి.

కాగితాలు

వాషింగ్టన్‌లో 16 అడుగుల లోపు ఉండి, ఏ మోటారూ లేని పడవకు రిజిస్ట్రేషన్ అక్కరలేదు. మిగిలినవాటికి టైటిల్, రిజిస్ట్రేషన్ రెండూ మీ పేరున సరిగా ఉన్నాయో లేదో ప్రకటన ఇవ్వకముందే చూసుకోండి. ఇంట్లో కట్టిన పడవకు కర్మాగారం ఇచ్చే పత్రాలు ఉండవు కనుక, సామగ్రి కొన్న రసీదులు, కడుతున్నప్పటి ఫొటోలు యాజమాన్యానికి ఆధారాలు అవుతాయి. 1972 తర్వాత కట్టిన పడవలకు 12 అక్షరాల గుర్తింపు సంఖ్య ఉండాలి; సొంతంగా కట్టినవాటికి దాన్ని రాష్ట్రమే కేటాయిస్తుంది, పడవ వెనుక పలక మీద కుడివైపు పైభాగంలో అది చెరగకుండా చెక్కి ఉండాలి. రంగుల పూతల కింద అది కప్పబడిపోయి ఉంటే ఇప్పుడే బయటికి తీయండి. ట్రైలర్‌కు వేరే టైటిల్, వేరే సంఖ్య ఉంటాయన్నది మరచిపోతే అమ్మకం రోజున ఇబ్బంది పడతారు.

నమూనా పటాలను, కొలతల పుస్తకాన్ని పడవతోపాటే ఇచ్చేయండి. సాధారణంగా ఒక సెట్ పటాలతో ఒకే పడవ కట్టడానికి రూపకర్త అనుమతిస్తారు, అందువల్ల నకళ్లు మీ దగ్గర ఉంచుకుని వేరేవారికి ఇవ్వడం న్యాయం కాదు. వీటితోపాటు మీ చేతిరాతతో ఒక పుస్తకం తయారుచేయండి. ఏ కంపెనీ ఎపాక్సీ, ఏ ప్లైవుడ్, ఏ రంగు ఏ సంఖ్య, స్క్రూలు కంచువా స్టెయిన్‌లెస్ స్టీలువా, పైకి కనబడకుండా ఎక్కడెక్కడ ఉన్నాయి, ఏ ఏడాది ఏ మరమ్మతు చేశారు అన్నవన్నీ రాయాలి. రంగు ఒక భాగంతో వచ్చేదా, రెండు భాగాలు కలిపేదా అన్న ఒక్క సమాచారం లేకపోయినా కొత్త యజమాని ఒక వేసవి నష్టపోవచ్చు. ఒక భాగం రంగు మీద రెండు భాగాల రంగు వేస్తే కింది పొర ముడతలు పడి లేచిపోతుంది. నా దృష్టిలో పడవ తర్వాత మీరు ఇచ్చే అత్యంత విలువైన వస్తువు ఈ పుస్తకమే.

ప్రకటన, మనిషి ఎంపిక

ప్రకటనకు అనువైన కాలం మార్చి చివర నుంచి జూన్ వరకు. వేసవి ముందున్నప్పుడు మరమ్మతు చేసే ఉత్సాహం జనంలో ఉంటుంది. ఆ అవకాశం తప్పితే సెప్టెంబరులో పోర్ట్ టౌన్సెండ్‌లో 1977 నుంచి జరుగుతున్న చెక్క పడవల ఉత్సవానికి వెళ్లి, అక్కడ కలిసేవారితో మాట్లాడటం మంచి మార్గం. ప్రకటనలో నమూనా పేరు, రూపకర్త పేరు, కట్టిన ఏడాది, పొడవు, బరువు, చివరిసారి నీళ్లలో దిగిన నెల ముందుగా రాయండి. తర్వాత లోపాలు, వాటి ఫొటోలు. ‘కొద్దిపాటి పని ఉంది’ అన్న మాటకు బదులు, ‘సెంటర్‌బోర్డు పెట్టె కుడి అతుకు ఆరు అంగుళాల మేర కారుతోంది’ అని రాస్తే, రావలసినవారే వస్తారు.

వచ్చిన మనిషిని మీరూ కొన్ని ప్రశ్నలు అడగాలి. కప్పు కింద పెట్టే చోటు ఉందా? ఇంతకుముందు వార్నిష్ పని చేశారా, చేయకపోతే నేర్చుకునే తీరిక ఉందా? ట్రైలర్ లాగగల బండి ఉందా? ఇవి అమ్మేవారు అడగకూడని ప్రశ్నలని కొందరు అనుకుంటారు, నేను ఒప్పుకోను. చోటు లేని మనిషి దగ్గర పడవ వచ్చే శీతాకాలానికే వానలో ఉంటుంది. పడవను చూపించేటప్పుడు ముందు బాగాలేని చోట్లు, తర్వాతే మెరిసే చోట్లు చూపించండి. తేలే స్థితిలో ఉంటే గాలి తక్కువగా ఉన్న రోజు సియాటిల్‌లోని లేక్ యూనియన్ సరస్సు వంటి ప్రశాంతమైన నీటిలో కలిసి ఒకసారి తిప్పండి. కొనేవారు పడవల స్థితిని పరీక్షించే సర్వేయరును తీసుకువస్తానంటే సంతోషంగా ఒప్పుకోండి. సొంతంగా కట్టిన చెక్క పడవకు బీమా ఇవ్వడానికి చాలా సంస్థలు వెనకాడతాయి, సర్వే నివేదిక ఉంటే వారి పని సులువవుతుంది. డబ్బు విషయంలో ఒక్క జాగ్రత్త: చెప్పిన ధరకంటే ఎక్కువ మొత్తానికి చెక్కు పంపి, మిగిలింది తిరిగి పంపమనేవారు మోసగాళ్లు. బ్యాంకులోనే కలుసుకుని పుచ్చుకోండి.

సంస్థలకు ఇవ్వడం

సియాటిల్‌లో లేక్ యూనియన్ ఒడ్డున ఉన్న సెంటర్ ఫర్ వుడెన్ బోట్స్ విరాళంగా పడవలను తీసుకుంటుంది, కొన్నింటిని వాడుకుంటుంది, కొన్నింటిని అమ్మి ఆ సొమ్ముతో కార్యక్రమాలు నడుపుతుంది. పడవలు నడపడం నేర్చుకునే సీ స్కౌట్ బృందాలు, పడవల తయారీ నేర్పే బడులు కూడా అడగదగినవే. అయితే మీకు భారమైన మరమ్మతు వారికీ భారమేనని గుర్తుంచుకోవాలి, కాదన్నారని నొచ్చుకోకూడదు. పన్ను మినహాయింపు ఆశించేవారు ఒకటి తెలుసుకోవాలి: 500 డాలర్లకు మించి చూపించాలంటే సంస్థ ఇచ్చే 1098-సి అనే పన్ను పత్రం కావాలి, సంస్థ ఆ పడవను అమ్మేస్తే సాధారణంగా వారికి వచ్చిన సొమ్ము వరకే మినహాయింపు దొరుకుతుంది, మీరు ఊహించిన విలువకు కాదు.

ఎవరూ తీసుకోకపోతే

ఒక్కొక్కసారి పడవ మరమ్మతుకు అందని స్థితిలో ఉంటుంది. అప్పుడు దాన్ని గౌరవంగా విప్పడమే మంచి పని. ఏదో ఒక రేవులో కట్టి వదిలేయడం వాషింగ్టన్‌లో నేరం, తొలగింపు ఖర్చు కూడా యజమాని నుంచే వసూలు చేస్తారు. రాష్ట్ర సహజవనరుల శాఖ 2002 నుంచి పాడుబడిన పడవలను తొలగించే కార్యక్రమం నడుపుతోంది. స్తోమత లేని యజమానులు పడవ మునగకముందే తెచ్చి అప్పగించే ఏర్పాటు కూడా ఆ శాఖలో ఉంది, దానికి దరఖాస్తు చేసుకోవచ్చు.

సొంతంగా విప్పేటట్లయితే ముందు కంచు సామాను, కప్పీలు, తాళ్లు, తెరచాపలు, కొయ్యను విడదీయండి. మరో పడవ కడుతున్నవారు వీటిని ఇష్టంగా తీసుకుంటారు. అడుగున బరువుకోసం సీసం ఉంటే దానికి తుక్కు ధర వస్తుంది, కొత్త పడవకు కూడా పనికొస్తుంది. మిగిలిన శరీరాన్ని రంపపు యంత్రంతో ముక్కలు చేసి చెత్త సేకరణ కేంద్రానికి తీసుకెళ్లే ముందు, ఎపాక్సీ, రంగు ఉన్న చెక్కను తీసుకుంటారో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. పెరట్లో తగలబెట్టవద్దు, రంగు పూసిన చెక్క, ఎపాక్సీ కాలితే వచ్చే పొగ విషం, చట్టం కూడా ఒప్పుకోదు. చుక్కాని పిడి వంటి ఒక భాగాన్ని ఇంట్లో దాచుకోవాలనిపిస్తే సంకోచించకుండా దాచుకోండి.

అప్పగించే రోజు, ఆ తర్వాత

అమ్మకపు పత్రంలో పడవ ఇంట్లో కట్టినదనీ, ఉన్నది ఉన్నట్టుగా ఇస్తున్నారనీ స్పష్టంగా రాయండి. లోపాల జాబితాను దానికి జతచేసి ప్రతి పేజీ మీద ఇద్దరూ సంతకం చేయండి. టైటిల్ మీద సంతకాలు అయ్యాక ఆలస్యం చేయకుండా, వీలైతే అదే రోజు, అమ్మినట్టు లైసెన్సింగ్ శాఖకు నివేదిక ఇవ్వాలి. అది ఇవ్వనంతవరకు ఆ పడవకు జరిగే ప్రతిదానికీ ఉత్తరం మీ ఇంటికే వస్తుంది. నివేదిక ఇచ్చాక బీమా, లంగరు చోటు అద్దె రద్దుచేసి, అన్ని పత్రాల నకళ్లను ఒక ఫైలులో ఉంచుకోండి.

తెరచాప కొయ్యను ఎత్తి నిలబెట్టడం, తాళ్లు కట్టడం కొత్త యజమాని చేతనే ఒకసారి చేయించి, మీరు పక్కన నిలబడి చూడండి. మొదటి వసంతంలో వారు ఫోన్ చేసి అడిగేది చాలావరకు వార్నిష్ గురించో సెంటర్‌బోర్డు గురించో ఉంటుంది. ఆ ఫోన్లు ఎత్తుతానని ముందే మాట ఇవ్వండి. కానీ పడవ రంగు మార్చారని, కొత్త పేరు పెట్టారని వినబడితే సలహా ఇవ్వకండి, ఆ నిర్ణయాలు ఇప్పుడు వారివి.